పాపసంకీర్తనం మనకు చేసే మేలు



మన విచారణలలో ఆదివారం దివ్యబలిపూజ వేళ ఒక సంగతి గమనించే ఉంటారు. దివ్యసత్ప్రసాదం స్వీకరించే వరుస గుడి ద్వారం దాకా ఉంటుంది. పూజకు ముందు పాపసంకీర్తన పీఠం దగ్గర మాత్రం నలుగురైదుగురు పెద్దవాళ్ళు తప్ప ఎవరూ కనబడరు. క్రిస్మసుకు ముందు, పవిత్ర వారంలో, గుణదల మాత తిరునాళ్ళలో జనం వరుస కడతారు. మిగతా సంవత్సరమంతా ఆ పీఠం ఖాళీగానే ఉంటుంది. సత్ప్రసాదం కోసం ఇందరు ఆశపడడం సంతోషించవలసిన విషయమే. అయితే ఆ విందుకు మనలను సిద్ధం చేసే సంస్కారాన్ని మరచిపోవడం మాత్రం మన ఆత్మలకు నష్టం.

ఎందుకు వెళ్ళడం లేదని అడిగితే సాధారణంగా మూడు జవాబులు వస్తాయి. మొదటిది: "దేవునికి నేరుగా చెప్పుకుంటే చాలదా? గురువు కూడా మనలాంటి మనిషే కదా." రెండవది: "ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ అవే పాపాలు. ఇక లాభమేమిటి?" మూడవది పైకి రాదు, మనసులోనే ఉంటుంది. అది సిగ్గు, భయం. ఫాదర్ గారు ఏమనుకుంటారో, ఎక్కడైనా బయటపడుతుందేమో అని. ఈ మూడింటినీ ముందు పెట్టుకొని పాపసంకీర్తనం వలన మనకు కలిగే మేలులను ఈ వారం ధ్యానిద్దాం.

1. మనలను మనకు చూపిస్తుంది

దావీదు రాజు కథ మనకు తెలిసినదే (2 సమూయేలు 11-12). ఊరియా భార్యను తీసుకున్నాడు. ఊరియాను యుద్ధంలో ముందు వరుసలో నిలబెట్టి చంపించాడు. తరువాత రాజ్యపాలన యథాప్రకారం సాగించాడు. బిడ్డ పుట్టేదాకా అతని నోట ఒక్క పశ్చాత్తాపపు మాట వచ్చినట్లు గ్రంథంలో లేదు. అప్పుడు నాతాను ప్రవక్త వచ్చి, పేదవాని ఒకే ఒక గొఱ్ఱెపిల్లను లాక్కున్న ధనికుని కథ చెప్పాడు. దావీదు ఆ ధనికుని మీద మండిపడి, వాడు చావదగినవాడని తీర్పు కూడా చెప్పేశాడు. ఆ ధనికుడు తానేనని ప్రవక్త చెప్పేదాకా అతనికి తట్టలేదు.

మనందరి స్థితీ ఇదే. పక్కింటివాని తప్పు మనకు దూరం నుంచే కనబడుతుంది. మన తప్పుకు మాత్రం ఎప్పుడూ ఒక కారణం సిద్ధంగా ఉంటుంది. ఆదాము అవ్వ మీద నెట్టాడు, అవ్వ సర్పం మీద నెట్టింది. భర్త భార్య నోటి మీద, భార్య భర్త తాగుడు మీద, కొడుకు స్నేహితుల మీద నెడతాడు. ఇలా నెట్టుకుంటూ పోతే పాపానికి కర్త అంటూ ఎవరూ మిగలరు. కర్త లేని పాపానికి క్షమాపణ ఎవరికి ఇవ్వాలి?

తత్వశాస్త్రంలో మొదట నేర్పే పాఠాలలో సాధారణమైన మాటకు, ప్రత్యేకమైన మాటకు ఉన్న తేడా ఒకటి. "నేను పాపిని" అనడం ఎవరికీ కష్టం కాదు. అందరూ అనే మాట గనుక అందులో ఎవరికీ నొప్పి ఉండదు. "మా తమ్ముడు ఊళ్ళో లేనప్పుడు పొలం గట్టు రెండడుగులు జరిపాను" అనడం కష్టం. "మా కోడలి మీద లేనిపోనిది కల్పించి పది మందిలో చెప్పాను" అనడం కష్టం. ఈ రెండవ రకం మాటలోనే మనిషి తనను తాను చూసుకుంటాడు. అందుకే చావైన పాపాలను వాటి రకం, ఎన్నిసార్లు అన్నది కలిపి చెప్పాలని శ్రీసభ చట్టం కోరుతుంది (988వ నిబంధన). లెక్కలు రాబట్టాలని కాదు, మనం పొగమంచులో దాక్కోకూడదని.

పాపం గురించి మౌనంగా ఉన్నంత కాలం తన ఎముకలు అరిగిపోయినట్లు, రాత్రింబవళ్ళు ఒక బరువు తన మీద ఉన్నట్లు కీర్తనకారుడు చెప్పుకున్నాడు. ఒప్పుకున్న తరువాతనే అతనికి ఊరట దొరికింది (కీర్తన 32). దాచిన పాపం ఊరకే పడి ఉండదు. మన కోపంలో, నిద్రలేమిలో, ఇంట్లోవాళ్ళ మీద చిరచిరలో అది బయటికి వస్తూనే ఉంటుంది.

2. క్షమాపణను చెవులారా వినిపిస్తుంది

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. గురువు దగ్గరకే ఎందుకు? ఇతర సంఘాలకు వెళ్ళే మన బంధువులు కూడా ఈ ప్రశ్న తరచుగా అడుగుతారు. జవాబు మనకు తెలిసి ఉండాలి.

పాపాలను క్షమించేది దేవుడొక్కడే. ఇందులో మనకు, వారికి భేదం లేదు. ఆ క్షమాపణను మనకు ఏ దారిన అందించాలని ప్రభువు నిర్ణయించారన్నదే ప్రశ్న. ఉత్థానమైన నాటి సాయంకాలం యేసు ప్రభువు శిష్యుల మీద శ్వాస ఊది పవిత్రాత్మనిచ్చి, పాపాలను క్షమించే అధికారాన్ని, క్షమించకుండా ఉంచే అధికారాన్ని కూడా వారికి అప్పగించారు (యోహాను 20:22-23). ఏది క్షమించాలో, ఏది ఆపాలో వారు నిర్ణయించాలంటే ముందు ఆ పాపం ఏమిటో వినాలి కదా? వినకుండా తీర్పు చెప్పే న్యాయాధిపతి, చూడకుండా మందిచ్చే వైద్యుడు ఉండరు. పాపాలను నోటితో చెప్పడం ఎందుకు అవసరమో 1551లో ట్రెంటు మహాసభ ఈ విధంగానే వివరించింది. పక్షవాతరోగిని ప్రభువు క్షమించి లేపినప్పుడు, అటువంటి అధికారాన్ని మనుష్యులకు ఇచ్చినందుకు జనం దేవుణ్ణి స్తుతించారని పునీత మత్తయి రాశారు (మత్తయి 9:8). అక్కడ ఆయన వాడింది బహువచనం. ఆ అధికారం తిరుసభలో కొనసాగుతుందని ఆనాటి క్రైస్తవులు ఎరుగుదురు.

రెండవ కారణం కూడా ఉంది. మన పాపం దేవునికీ మనకూ మధ్య మాత్రమే జరిగే వ్యవహారం కాదు. మనం క్రీస్తు శరీరంలో అవయవాలం. ఒక వేలికి కురుపు వేస్తే ఒళ్ళంతా జ్వరం వస్తుంది. అందుకే తొలి శతాబ్దాలలో హత్య, వ్యభిచారం, విశ్వాసాన్ని విడనాడడం వంటి ఘోర పాపాలు చేసినవారు సంఘం అందరి ఎదుట చాలాకాలం ప్రాయశ్చిత్తం చేసేవారు. తరువాతనే పీఠాధిపతులు వారిని మళ్ళీ సంఘంలో చేర్చుకునేవారు. ఆ కఠినమైన ప్రాయశ్చిత్తం చాలా చోట్ల జీవితంలో ఒక్కసారికే పరిమితం. ఆరేడు శతాబ్దాలలో ఐర్లండు దేశపు మఠవాసులు, అవసరమైనన్నిసార్లు ఏకాంతంగా గురువుకు పాపాలు చెప్పుకునే పద్ధతిని ఐరోపా అంతటా వ్యాపింపజేశారు. సంవత్సరానికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలని 1215లో నాలుగవ లాతరన్ మహాసభ ఆజ్ఞాపించింది. రెండవ వాటికన్ మహాసభ కోరిన మార్పుల ప్రకారం 1973లో ఈ సంస్కారక్రమం సంస్కరింపబడి, దేవుని వాక్యానికి అందులో చోటు పెరిగింది. రూపం మారుతూ వచ్చింది గాని సారం మారలేదు. ఒకవైపు పాపి చేసే మనస్తాపం, సంకీర్తనం, పరిహారం. మరొకవైపు తిరుసభ ద్వారా దేవుడిచ్చే పాపవిమోచనం.

గురువు కూడా మనిషే అన్న మాట నిజమే. అందుకే ఏ గురువూ తన పాపాలను తానే విమోచనం చేసుకోలేడు. ఆయన కూడా మరొక గురువు ముందు మోకరించాలి. పీఠాధిపతులైనా, జగద్గురువులైనా అంతే. 2014 మార్చి 28న పునీత పేతురు మహాదేవాలయంలో ఫ్రాన్సిస్ జగద్గురువులు అందరూ చూస్తుండగా ఒక సామాన్య గురువు ముందు మోకరించి పాపసంకీర్తనం చేసిన చిత్రం లోకమంతా చూసింది.

ఇందులో మనకు కలిగే మేలు నిశ్చయత. గదిలో ఒంటరిగా క్షమాపణ కోరినవానికి, "దేవుడు నిజంగా క్షమించాడా, లేక నన్ను నేనే క్షమించుకున్నానా?" అన్న అనుమానం వెంటాడుతూనే ఉంటుంది. తనకు తానే కక్షిదారుడు, తానే న్యాయవాది, తానే న్యాయాధిపతి అయినవాడు ఒక్కొక్కసారి తనను తేలికగా వదిలేస్తాడు, ఒక్కొక్కసారి ఎప్పటికీ వదలడు. పాపసంకీర్తన పీఠంలో మాత్రం క్షమాపణ బయట నుంచి వస్తుంది. దానిని చెవులారా వింటాం. అది మన ఊహ కాదు, మన మనసు మంచిగా ఉన్న రోజున వచ్చిన తృప్తీ కాదు. తప్పిపోయిన కుమారుడు పందుల మధ్యనే ఉండి, నాన్న నన్ను క్షమించి ఉంటాడులే అనుకుంటే సరిపోయేదా? లేచి నడిచి వెళ్ళాడు గనుకనే తండ్రి కౌగిలి అతనికి దొరికింది (లూకా 15:11-32).

3. సత్ప్రసాద విందుకు తిరిగి చేరుస్తుంది

జ్ఞానస్నానంలో పొందిన వరప్రసాద జీవాన్ని చావైన పాపం చంపుతుంది. విషయం గంభీరమైనది కావాలి, అది పాపమని పూర్తిగా తెలిసి ఉండాలి, మనస్ఫూర్తిగా సమ్మతించి చేసి ఉండాలి. ఈ మూడూ కలిసినప్పుడే అది చావైన పాపం. అటువంటి పాపం ఉందని ఎరిగినవారు పాపసంకీర్తనం చేయకుండా సత్ప్రసాదం స్వీకరించరాదు. ప్రభువు శరీరాన్ని గుర్తించకుండా భుజించేవాడు తన మీదికి తానే తీర్పు తెచ్చుకుంటాడని పునీత పౌలు కొరింతువారిని హెచ్చరించారు (1 కొరింతు 11:27-29).

చాలామంది ఈ విషయంలో రెండు వైపులా పొరబడుతున్నారు. కొందరు ఊళ్ళోవాళ్ళు ఏమనుకుంటారోనని వరుసలో నిలబడి స్వీకరిస్తారు. మరికొందరు ఒక పాపం కారణంగా ఏళ్ళ తరబడి సత్ప్రసాదానికి దూరంగా ఉండిపోతారు. ఇద్దరికీ తలుపు ఒక్కటే, అది తెరిచే ఉంది. పది నిమిషాల సంకీర్తనంతో తీరే ఆకలిని పదేళ్ళు భరించడం ఎందుకు?

4. మన పొరుగువానికి కూడా మేలు చేస్తుంది

పాపసంకీర్తనం మన ఒక్కరి మనశ్శాంతి కోసమే అనుకుంటే సగమే గ్రహించినట్లు. పొరుగువానికి అన్యాయం చేసినవాడు తన పాపాన్ని ఒప్పుకొని, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చి, దాని మీద అయిదవ వంతు అదనంగా చెల్లించాలని మోషే ధర్మశాస్త్రం విధించింది (సంఖ్యాకాండము 5:6-7). జక్కయ్య ఇంకా ముందుకు పోయాడు. సగం ఆస్తి పేదలకు, మోసగించినవారికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8). పాపవిమోచనం పాపాన్ని తొలగిస్తుంది. ఆ పాపం వలన పొరుగువానికి జరిగిన నష్టాన్ని పూడ్చే పని మాత్రం మన మీదనే ఉంటుంది.

కాబట్టి జరిపిన గట్టు మళ్ళీ తన చోటికి రావాలి. ఎగ్గొట్టిన కూలి డబ్బు కూలివానికి చేరాలి. అక్కచెల్లెళ్ళకు రావలసిన వాటా వారికి అందాలి. ఒకరి పేరు చెడగొట్టినవారు, ఎవరి దగ్గర ఆ మాట అన్నారో వారి దగ్గరే అది నిజం కాదని చెప్పాలి. దొంగిలించిన సొమ్ము తిరిగి ఇవ్వడానికి ముఖం చెల్లకపోతే, పేరు బయటపడకుండా చేర్చే మార్గాలు ఉన్నాయి. సంకీర్తనంలోనే గురువును సలహా అడగవచ్చు. ఒకేసారి కట్టలేనివారు కొంచెం కొంచెంగా కట్టవచ్చు. తీర్చాలన్న నిజమైన తీర్మానం ముఖ్యం.

ఊళ్ళలో అన్నదమ్ములు ఒకే గుడిలో చెరొక వైపు కూర్చొని ఏళ్ళ తరబడి మాట్లాడుకోకుండా ఉండడం చూస్తున్నాం. పెళ్ళికి పిలవరు, చావుకు వెళ్ళరు. కోర్టులు, పెద్దమనుషులు పొలాన్ని పంచగలరు గాని మనసులను కలపలేరు. ఒక్కరు నిజాయితీగా మోకరించి, ఎదుటివాని తప్పు కాక తన తప్పు మాత్రమే చెప్పుకుంటే, ఆ ఇంటి గుమ్మం దాటడానికి మొదటి అడుగు అక్కడే పడుతుంది.

5. పాత అలవాటును క్రమంగా విరుస్తుంది

"మళ్ళీ అవే పాపాలు కదా" అన్న రెండవ ప్రశ్నకు ఇది జవాబు. ఇల్లు ఊడ్చినా రేపు మళ్ళీ దుమ్ము పడుతుందని ఊడ్వడం మానేస్తామా? బి.పి.కి, షుగరుకు రోజూ మాత్ర వేసుకునేవారు, "జబ్బు పూర్తిగా పోలేదు, మందు దండగ" అనరు. మందు ఉన్నందువల్లనే నిలబడి ఉన్నామని వారికి తెలుసు.

దుర్గుణమైనా, సుగుణమైనా పదేపదే చేసిన పనుల వలన మనలో స్థిరపడే అలవాటు అని పునీత తోమా అక్వినాసు బోధించారు. ఏళ్ళ తరబడి కట్టిన ముడి ఒక్క రోజులో విడిపోదు. దానికి ఎదురైన పనులు మళ్ళీ మళ్ళీ చేయాలి. ప్రతి పాపసంకీర్తనం అటువంటి ఒక పని. అది మన ప్రయత్నం మాత్రమే అయితే అలసిపోతాం. అందులో దేవుని వరప్రసాదం కూడా ఉంది గనుక మళ్ళీ లేస్తాం.

స్వల్ప పాపాలను తరచుగా సంకీర్తనం చేయనక్కరలేదని కొందరు వాదిస్తున్న రోజుల్లో, 1943లో పన్నెండవ పయస్ జగద్గురువులు క్రీస్తు నిగూఢ శరీరం గురించి రాసిన విశ్వలేఖలో దానికి సమాధానమిచ్చారు. తరచుగా చేసే పాపసంకీర్తనం వలన ఆత్మజ్ఞానం, వినయం పెరుగుతాయని, చెడు అలవాట్లు వేళ్ళతో సహా ఊడుతాయని, భక్తిలో నిర్లక్ష్యం తొలగుతుందని, మనస్సాక్షి శుద్ధి అవుతుందని, సంకల్పం బలపడి ఆత్మనిగ్రహం అలవడుతుందని, సంస్కార బలం చేత వరప్రసాదం వృద్ధి అవుతుందని ఆయన బోధ. ఈ ఎనిమిది మేలులను ఇంట్లో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇక ముందు పాపం చేయనన్న తీర్మానం నిజమైనదై ఉండాలి. మళ్ళీ పడతానేమోనన్న భయం ఉన్నంత మాత్రాన ఆ తీర్మానం అబద్ధం కాదు. పడడానికి దారి తీసే చోటును, స్నేహాన్ని, సమయాన్ని తప్పించుకోవడానికి సిద్ధపడకపోతే మాత్రం అది ఉత్త మాటే. తాగుడు మానాలనుకున్నవాడు జీతం రోజున ఇంటికి వెళ్ళే దారి మార్చుకోవాలి. రాత్రిపూట సెల్‌ఫోను వలన పాపంలో పడే యువకుడు ఆ ఫోనును వేరే గదిలో పెట్టి పడుకోవాలి. తాగుడు వ్యాధిగా ముదిరినవారికి సంకీర్తనంతో పాటు వైద్యం కూడా కావాలి. దేవుడు వైద్యుని ద్వారా కూడా పని చేస్తాడు.

6. రహస్యం రహస్యంగానే ఉంటుంది

మూడవ ప్రశ్న, భయం. పాపసంకీర్తనంలో విన్నదానిని మాటతో గాని, సైగతో గాని, ఏ కారణం చేతనైనా సరే, గురువు బయటపెట్టరాదు (983వ నిబంధన). నేరుగా బయటపెట్టిన గురువు ఆ క్షణంలోనే తిరుసభ నుండి వెలివేతకు గురవుతాడు. ప్రాణం పోయినా ఈ కట్టుబాటు తొలగదు. మెక్సికో దేశంలో తిరుసభ హింసింపబడిన రోజుల్లో, ఖైదీలు చెప్పిన పాపాలను వెల్లడించమని ఒక సైన్యాధికారి ఒత్తిడి చేయగా, పునీత మతేయో కొర్రేయా అనే గురువు నిరాకరించి 1927లో వేదసాక్షిగా మరణించారు. 2000లో ఆయనను పునీతులుగా ప్రకటించారు. విన్న విషయాన్ని ఆ మనిషికి హాని కలిగేలా ఏ విధంగానూ వాడుకోవడం కూడా నిషిద్ధమే (984వ నిబంధన). ఏ గురువైనా ప్రసంగంలో గాని, ఇటువంటి వ్యాసంలో గాని సంకీర్తనంలో విన్న కథలు చెప్పకపోవడానికి కారణం ఇదే.

2018లో కేరళలో మరొక సంఘానికి చెందిన కొందరు గురువుల మీద, ఒక స్త్రీ చెప్పుకున్న పాపాన్ని అడ్డుపెట్టుకొని ఆమెను బెదిరించి లైంగికంగా హింసించారన్న ఆరోపణలు వచ్చాయి. అప్పటి జాతీయ మహిళా కమిషన్ అధ్యక్షురాలు పాపసంకీర్తనాన్నే రద్దు చేయాలని సిఫారసు చేయగా, భారత కతోలిక పీఠాధిపతులు దానిని వ్యతిరేకించారు. ఆ వార్తలు చదివిన మన ఇళ్ళలోని స్త్రీలకు భయం కలిగితే దానిని తప్పు పట్టలేం. అందుకే స్పష్టంగా చెప్పాలి. ఈ సంస్కారాన్ని అడ్డుపెట్టుకొని ఎవరినైనా చెడు మార్గానికి ప్రేరేపించడం తిరుసభ చట్టంలో కఠినంగా శిక్షింపదగిన నేరం. రహస్యం గురువును బంధిస్తుంది గాని, సంకీర్తనం చేసినవారిని బంధించదు. అటువంటి అన్యాయం ఎదురైనవారు మౌనంగా ఉండనవసరం లేదు. పీఠాధిపతులకు తెలియజేయాలి, పోలీసులకు ఫిర్యాదు చేసే హక్కు కూడా వారికి ఉంది. తెరచాటున ఉండే జాలీ పీఠంలో సంకీర్తనం కోరుకోవడం, తెలియని గురువు దగ్గరకు వెళ్ళడం విశ్వాసుల హక్కు. అందుకు ఏ విచారణ గురువూ నొచ్చుకోకూడదు.

7. కుటుంబాలకు కొన్ని మాటలు

సుమారు ఏడేళ్ళ వయసులో పిల్లలకు మంచి చెడు తెలుస్తుందని 1910లో పదవ పయస్ జగద్గురువులు ప్రకటించారు. అప్పటి నుంచే వారు పాపసంకీర్తనానికి, సత్ప్రసాదానికి అర్హులు. మొదటి సత్ప్రసాదానికి ముందు మొదటి పాపసంకీర్తనం జరగాలి. తల్లిదండ్రులారా, "అల్లరి చేస్తే ఫాదర్ గారికి చెబుతా" అని పిల్లలను బెదిరించకండి. అలా బెదిరించిన పిల్లవాడు పెద్దయిన తరువాత ఆ పీఠాన్ని పోలీసు స్టేషనులాగే చూస్తాడు. బిడ్డ సంకీర్తనం చేసి వచ్చాక ఏమి చెప్పావని అడగవద్దు. మీరు కూడా వరుసలో నిలబడడం పిల్లలు చూడాలి. ఎన్ని సత్యోపదేశ తరగతులు పెట్టినా, నాన్న మోకరించడం చూసినంతగా పిల్లవానికి మరేదీ బోధించదు.

ఇంట్లో కూడా క్షమాపణ అడగడం అలవాటు కావాలి. పడుకునే ముందు కుటుంబ ప్రార్థనలో భార్యాభర్తలు ఒకరినొకరు, పెద్దలు పిల్లలను సైతం క్షమాపణ అడిగే ఇంట్లో పాపసంకీర్తనం పరాయి విషయం కాదు.

గల్ఫు దేశాలలో పని చేసే మన బిడ్డలకు ఒక మాట. అక్కడ తెలుగు గురువు దొరకలేదని ఏళ్ళ తరబడి ఆగిపోకండి. మీకు వచ్చిన నాలుగు హిందీ, ఇంగ్లీషు మాటలతో సంకీర్తనం చేయవచ్చు. కావాలంటే దుబాసీ సహాయం తీసుకోవడానికి కూడా తిరుసభ అనుమతిస్తుంది, ఆ దుబాసీ కూడా రహస్యానికి కట్టుబడి ఉంటాడు. ఫోనులో చేసే సంకీర్తనాన్ని మాత్రం తిరుసభ అంగీకరించదు. గురువు దొరకని ఆపదలో, దేవుని మీది ప్రేమ చేత కలిగే ఉత్తమ మనస్తాపం, వీలైనంత త్వరగా సంకీర్తనం చేయాలన్న తీర్మానంతో కలిసి, చావైన పాపానికి కూడా క్షమాపణ తెస్తుంది. 2020లో కరోనా వలన గుళ్ళు మూతబడినప్పుడు తిరుసభ ఈ బోధనే మనకు గుర్తు చేసింది.

ఇంట్లో జబ్బుపడిన పెద్దవారు ఉంటే దయచేసి చివరి గడియ దాకా ఆగకండి. "ఫాదర్ గారిని పిలిస్తే నాయన భయపడతాడు" అని ఆలస్యం చేసి, స్పృహ తప్పిన తరువాత పరుగెత్తుకొని వస్తారు. అప్పటికి వ్యాధిగ్రస్తుల అభ్యంగనం ఇవ్వవచ్చు గాని, ఆయన గుండెలో దాచుకున్న మాట చెప్పుకొనే అవకాశం పోతుంది. తెలివిలో ఉన్నప్పుడే పిలవండి. గురువు గదిలోకి వెళ్ళాక కాసేపు అందరూ బయట ఉండండి. మరణాపాయంలో ఉన్నవారికి ఏ గురువైనా పాపవిమోచనం ఇవ్వగలడని కూడా గుర్తుంచుకోండి (976వ నిబంధన).

8. ఎలా సిద్ధపడాలి?

మన పెద్దలు సత్యోపదేశంలో నేర్పిన అయిదు మెట్లు నేటికీ చాలు.

ఆత్మశోధన: పవిత్రాత్మ సహాయం కోరి, పది ఆజ్ఞలను ఒక్కొక్కటిగా తలచుకోండి. చేసిన చెడుతో పాటు, చేయకుండా వదిలేసిన మంచిని కూడా చూడండి.

మనస్తాపం: సిలువ మీది ప్రభువును చూసి, ఆయన ప్రేమను నొప్పించినందుకు దుఃఖించండి. కన్నీళ్ళు రాకపోయినా ఫరవాలేదు, మనసు తిరిగితే చాలు.

ప్రతిజ్ఞ: ఇకముందు ఏమి మారుస్తారో ఒక్క విషయం స్పష్టంగా అనుకోండి.

సంకీర్తనం: క్లుప్తంగా, దాచకుండా, ఇతరుల పేర్లు ఎత్తకుండా చెప్పండి. చావైన పాపాన్ని కావాలని దాచితే ఆ సంకీర్తనం చెల్లదు. నిజంగా మరచిపోయింది మాత్రం మిగతావాటితోనే క్షమింపబడుతుంది, తరువాత గుర్తుకు వస్తే వచ్చేసారి చెప్పండి.

పరిహారం: గురువు విధించిన ప్రార్థన గాని, పని గాని ఆలస్యం చేయకుండా నెరవేర్చండి.

ఇరవై ఏళ్ళుగా రానివారు ఎలా మొదలుపెట్టాలో తెలియక వెనుకాడుతుంటారు. "ఫాదర్ గారూ, చాలా కాలమైంది, నాకు సహాయం చేయండి" అంటే చాలు. మిగతాది గురువు బాధ్యత. జపాలు మరచిపోయారని ఎవరూ కోప్పడరు. విచారణ గురువుల పాలక పునీతులైన జాన్ మరియ వియాన్నీ గారు ఆర్స్ అనే చిన్న పల్లెకు 1818లో వచ్చారు. 1859లో మరణించేదాకా, దూరదేశాల నుంచి వచ్చిన పాపుల కోసం రోజుకు పన్నెండు గంటలకు పైగా పీఠంలో కూర్చున్న రోజులెన్నో. చాలా కాలం తరువాత తిరిగి వచ్చిన ఒక్క మనిషి కోసం ఏ గురువైనా సంతోషంగా మేలుకొని ఉంటాడు.

కుటుంబ ప్రార్థనలో ఆలోచించడానికి

1. మన ఇంట్లో చివరిసారిగా అందరం కలిసి పాపసంకీర్తనానికి వెళ్ళింది ఎప్పుడు?
2. మనం ఎవరికైనా తిరిగి ఇవ్వవలసిన సొమ్ము గాని, సరిదిద్దవలసిన మాట గాని ఉందా?
3. మన బంధువులలో ఎవరితోనైనా మాటలు లేకుండా ఉన్నామా? మొదటి అడుగు ఎవరు వేస్తారు?
4. మన ఇంట్లో, వీధిలో జబ్బుతో మంచాన ఉన్నవారి కోసం గురువును ఎప్పుడు పిలుద్దాం?

వచ్చే ఆదివారం పూజకు అరగంట ముందు బయలుదేరండి. ప్రభువు మనకోసం అక్కడ వేచి ఉన్నారు.